కర్ర పారేయొద్దు

‘తుంటి మీద కొడితే మూతిపళ్లు రాలాయట’ అనేది మా నాయనమ్మ, పొంతన లేని మాట ఎవరైనా మాట్లాడినప్పుడల్లా. చిన్నప్పుడు విని నవ్వుకునేదాన్ని. నలభై మూడో ఏట ఆ సామెత నా ఒంటి మీదకే వచ్చి కూర్చుంది. నాకు పళ్లు రాలలేదుగానీ, పరుగు ఆగిపోయింది.

తేడా వచ్చింది కుడి తుంటిలో. నొప్పి తెలిసింది మాత్రం గజ్జలో. కొన్నాళ్లు తొడ ముందు భాగంలో, ఇంకొన్నాళ్లు మోకాలి దగ్గర. అందుకని మోకాలికి పట్టీ కొన్నాను. తొడకు నూనె రాశాను. గజ్జకు ఉప్పు కాపడం పెట్టాను. తుంటి ఊసే తలవలేదు. అలా ఎనిమిది నెలలు గడిచాయి. మధ్యలో ఒక హాఫ్ మారథాన్, అంటే 21 కిలోమీటర్లు, ఆ నొప్పితోనే పూర్తిచేసి మెడలో మెడల్ వేసుకుని ఫొటో దిగాను. అందులో నేను నవ్వుతూనే ఉన్నాను. బరువంతా ఎడమకాలి మీద వేసి నిలబడ్డానని మా అమ్మాయి వేలుపెట్టి చూపిస్తేగానీ నాకు కనిపించలేదు.

ఈ శీర్షికలో ఇన్నాళ్లూ ఊళ్ల గురించీ మనుషుల గురించీ రాస్తూ వచ్చాను. ఈ ఒక్క వారం నా తుంటి గురించి రాస్తాను, మన్నించండి. పరుగెత్తేవాళ్లకే కాదు, ఎప్పుడో ఒకప్పుడు చేతికర్ర పట్టుకోక తప్పని మనందరికీ పనికొస్తుందనే రాస్తున్నాను.

నేను పరుగు మొదలుపెట్టింది ముప్పై ఆరో ఏట, బరువు తగ్గుదామని. బరువు పెద్దగా తగ్గలేదుగానీ ఇంకేదో దొరికింది. మా విశాఖలో బీచ్ రోడ్డు మీద తెల్లవారుజామున బళ్లను ఆపేస్తారు. హారన్లుండవు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క ఇంకా కళ్లు తెరవని ఊరు. ఆ సమయంలో నన్ను ‘టీచర్’ అనీ, ‘అమ్మా’ అనీ, ‘కోడలా’ అనీ పిలిచేవాళ్లుండరు. రోజు మొత్తంలో నాదంటూ చెప్పుకోగలిగిన గంట అదొక్కటే. అందుకే నొప్పి వచ్చినా ఆ గంటను వదులుకోలేదు. ఒకసారి వదిలేస్తే దాన్ని మళ్లీ ఎవరూ నా చేతిలో పెట్టరని భయం.

చూపించిన మొదటి డాక్టరు కండరం పట్టేసిందని మాత్రలు రాసిచ్చాడు. రెండో డాక్టరు ‘ఎక్కడమ్మా నొప్పి?’ అని అడిగాడు. నేను మాట్లాడకుండా చేత్తో తుంటిని పట్టుకుని చూపించాను. బొటనవేలు వెనక్కి, మిగతా నాలుగు వేళ్లూ గజ్జవైపుకి. ఆయన నవ్వి, ‘సగం సంగతి మీ చెయ్యే చెప్పేసింది’ అన్నాడు. తుంటికీలు లోపల దెబ్బతిన్నవాళ్లు చాలామంది ఇలాగే ఇంగ్లిషు ‘సి’ అక్షరంలా చెయ్యి వంచి చూపిస్తారట. బల్ల మీద పడుకోబెట్టి, మోకాలిని పొట్టవైపు వంచి, కాలిని లోపలికి తిప్పాడు. బల్ల మీంచి లేచినంత పని చేశాను. తర్వాత ఎక్స్‌రే. ఆ తర్వాత కీలులోకి సూదితో మందు ఎక్కించి ఎమ్మారై. చివరికి రిపోర్టులో ఒక మాట వచ్చింది. ‘లాబ్రమ్ చిరిగింది.’

లాబ్రమ్ అంటే ఏమిటో తెలియాలంటే వంటింట్లోకి వెళ్లాలి. తుంటికీలు ఒక గిన్నెలాంటిది. అందులో తొడ ఎముక తల బంతిలా తిరుగుతుంది. ఆ గిన్నె అంచు చుట్టూ ఉండే మెత్తటి, గట్టి పట్టీయే లాబ్రమ్. కుక్కర్ మూతకు గ్యాస్కెట్ ఉంటుంది చూశారా, అలాంటిదన్నమాట. కీలులో ఉండే జిగురు ద్రవం బయటికి పోకుండా పట్టి ఉంచుతుంది. బంతి గిన్నెలోంచి జారకుండా చూస్తుంది. గ్యాస్కెట్ చిరిగితే కుక్కర్ ఏమవుతుందో మనకు తెలుసు. అన్నం ఉడుకుతుంది, కానీ విజిల్ సరిగ్గా రాదు, పక్కల నుంచి ఆవిరి పోతూ ఉంటుంది. నా తుంటి ఎనిమిది నెలలు అలాగే ఉడికింది.

ఎందుకు చిరిగింది? పరుగు వల్లేనా? మా ఇంట్లో అందరూ ముందే తీర్పు చెప్పేశారు. డాక్టరు మాత్రం ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టి, తొడ ఎముక తలకూ మెడకూ మధ్య ఒక చిన్న బొడిపె చూపించాడు. గుండ్రంగా ఉండాల్సిన చోట కాస్త ఉబ్బెత్తుగా ఉంది. కాలు బాగా మడిచినప్పుడల్లా ఆ బొడిపె వెళ్లి గిన్నె అంచును కొడుతుంది. ఏళ్ల తరబడి కొడితే అంచున ఉన్న పట్టీ చిరుగుతుంది. స్విట్జర్లాండ్‌లో బెర్న్ నగరానికి చెందిన రైన్‌హోల్డ్ గాంజ్ అనే సర్జనూ ఆయన సహచరులూ 2003లో ఈ ఒరిపిడి గురించి వివరంగా రాశారు. తుంటికీళ్లు అరిగిపోవడానికి ఇదీ ఒక కారణమని చెప్పారు. అంతకుముందు మా నాయనమ్మల కాలంలో దీన్ని ‘వాతం’ అనేసి ఊరుకునేవాళ్లు.

చిరిగిందనగానే కుట్టించుకోవాలని కాదు. ఈ ముక్క మాత్రం గుర్తుపెట్టుకోండి. తుంటినొప్పి ఏమాత్రం లేని 45 మందికి ఎమ్మారై తీసి చూస్తే, వాళ్లలో 69 శాతం మందికి లాబ్రమ్ చిరిగి ఉందని 2012లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. అంటే చిరుగుతోనే హాయిగా తిరిగేవాళ్లు మన చుట్టూ ఎందరో ఉంటారన్నమాట. రిపోర్టు చూసి కత్తి తీయకూడదు, మనిషిని చూసి తీయాలి. నన్ను కూడా ముందు మూడు నెలలు వ్యాయామాలకే పంపారు. కొంత తగ్గింది. కానీ మెట్లెక్కినా, స్కూటీ మీద కాలు వేసినా, రాత్రి కుడిపక్కకు తిరిగినా లోపల కలుక్కుమనేది. 2018లో బ్రిటన్‌లో 23 ఆసుపత్రులలో ఈ ఒరిపిడి ఉన్న 348 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. ఒక జట్టుకు కీహోల్ ఆపరేషన్, ఇంకో జట్టుకు మనిషికి తగ్గట్టు ఫిజియోథెరపీ. ఏడాది తర్వాత రెండు జట్లూ మెరుగుపడ్డాయి. ఆపరేషన్ జట్టు ఇంకాస్త ఎక్కువ మెరుగుపడింది. ఆ లెక్క చూసి, మూడు నెలల నా ప్రయత్నమూ చూసుకుని, సరేనన్నాను.

ఆపరేషన్ గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు, నేను నిద్రపోతున్నాను కాబట్టి. కాలిని మంచానికి కట్టి లాగి, బంతికీ గిన్నెకూ మధ్య కాస్త సందు చేస్తారట. చొక్కా గుండీ రంధ్రమంత కోతలు మూడు. ఒకదాంట్లోంచి కెమెరా, మిగతావాటిలోంచి పనిముట్లు. చిరిగిన పట్టీని గిన్నె అంచుకు చిన్న చిన్న మేకుల్లాంటివాటితో కుట్టేశారు. బొడిపెను చెక్కి నున్నగా చేశారు. పాదం కొన్నాళ్లు తిమ్మిరిగా ఉంది, లాగి కట్టడం వల్ల అలా ఉంటుందన్నారు. మర్నాడే ఫిజియో అమ్మాయి వచ్చి వ్యాయామం సైకిలు ఎక్కించింది. బరువు పెట్టకుండా, ఊరికే తొక్కడమే. మా అత్తయ్య అది చూసి, ‘కోసినోళ్లు ఒకళ్లు, తొక్కించేవోళ్లు ఒకళ్లు. ఇదేటి వైద్యమమ్మా!’ అని గడప మీద కూలబడింది.

తర్వాత మొదలైంది అసలు కథ. నాలుగు వారాలు రెండు చంకకర్రలు. నేల మీద కూర్చోకూడదు. మఠం వేసుకోకూడదు. గొంతుక్కూర్చోకూడదు. తుంటిని 90 డిగ్రీలు మించి వంచకూడదు. కాలిని బయటికి తిప్పకూడదు, ఎందుకంటే కీలు ముందువైపు కుట్లు లాగుతాయి. మన బతుకంతా నేల మీదే కదా! కూరగాయలు తరిగేది నేల మీద, పూజకు పీట మీద, చివరికి పక్కింటివాళ్లతో మాట్లాడేది కూడా గుమ్మంలో చతికిలబడే. ఈ ఆపరేషన్ కాగితాలు రాసినవాళ్లు ఎప్పుడూ పీట మీద కూర్చుని వ్రతం చేసి ఉండరు. నేను మాత్రం ఆ శ్రావణ శుక్రవారం కుర్చీలో కూర్చుని, అత్తయ్య చేత కలశం పెట్టించి, అక్కడి నుంచే అక్షింతలు వేశాను. దేవత ఏమీ అనుకున్నట్టు లేదు.

ఆ నాలుగు వారాలూ నిజానికి సులువుగానే గడిచాయి. నొప్పి ఉన్నప్పుడు మనిషి బుద్ధిగా ఉంటాడు. నొప్పే కాపలా కాస్తుంది. ఐదో వారంలో చంకకర్రలు పోయి ఒక్క చేతికర్ర వచ్చింది. ఆరో వారంలో నొప్పి పోయింది. పూర్తిగా పోయింది. అప్పుడే నాకు బుద్ధి కూడా పోయింది.

ఏడో వారంలో విజయనగరంలో మా మేనల్లుడి పెళ్లి. కారు దిగుతూ చేతికర్ర వైపు చూశాను. పట్టుచీర, మెడలో కాసులపేరు, చేతిలో కర్ర! నలభై మూడేళ్లకే ముసలమ్మనైపోయినట్టుంటుంది కదా అనిపించింది. దారి పొడవునా ‘ఈ వయసులో పరుగులేమిటో’ అని సణిగే బంధువులకు నా చేత్తో నేనే సాక్ష్యం ఇచ్చినట్టుంటుంది కదా అని కూడా అనిపించింది. కర్రను వెనక సీట్లో పడుకోబెట్టి తలుపు వేసేశాను. కల్యాణ మంటపం మొదటి అంతస్తులో ఉంది. ఎక్కాను. రెండున్నర గంటలు నిలబడ్డాను. తలంబ్రాలప్పుడు నేల మీద కూర్చుని లేచాను. ‘ఏమైంది నీకు, బానే ఉన్నావుగా’ అన్నవాళ్లందరికీ ‘ఏమీ లేదు’ అని చెప్పాను. ఆ మాట ఎన్నిసార్లు చెప్పానో, అన్నిసార్లు సంతోషపడ్డాను.

మర్నాడు పొద్దున మంచం దిగబోతే కాలు లేవలేదు. గజ్జలో నిప్పు పెట్టినట్టుంది. ఆసుపత్రికి వెళ్లేదాకా మావారు ఒక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ భయపెట్టింది. కుట్లు ఊడిపోయాయేమో, మళ్లీ కోస్తారేమో, ఆ తెల్లవారుజాములన్నీ ఇక లేనట్టేనేమో అని దారంతా లెక్కలు వేసుకున్నాను. అదృష్టం, కుట్లు బాగానే ఉన్నాయి. తొడను పైకి లేపే కండరం తాడు వాచింది. మళ్లీ రెండు చంకకర్రలు, ఇంకో రెండు వారాలు.

డాక్టరు తిట్టలేదు. ‘అమ్మా, మీరు పరుగెత్తేవాళ్లు. నొప్పి వచ్చినా ఆగకుండా పోవడం ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. ఇప్పుడు నొప్పి లేకపోయినా ఆగడం నేర్చుకోవాలి. నొప్పి పోవడం వేరు, నయం కావడం వేరు’ అన్నాడు. నేను ఫిజిక్స్ టీచర్ని. పిల్లలకు ఒక సూత్రం అర్థమైందో లేదో వాళ్ల మొహం చూసి చెప్పేస్తాను. ఆ రోజు నా మొహం చూసి ఆయన అలాగే చెప్పేశాడనుకుంటాను, కాగితం మీద కూడా రాసిచ్చాడు.

రెండు వారాల తర్వాత మళ్లీ చేతికర్ర దశకు వచ్చాను. ఫిజియో అమ్మాయి నన్ను నడిపించి చూసి నెత్తి కొట్టుకుంది. ‘మేడమ్, ఆపరేషన్ అయింది కుడివైపు. కర్ర ఎడమచేత్తో పట్టుకోవాలని మొదటి రోజే చెప్పానా లేదా?’ చెప్పింది. నేనే వినలేదు. కుడికాలికి దెబ్బ తగిలితే కుడిచేతికి కర్ర, అంతేకదా! మన సినిమాల్లో కుంటివేషం వేసేవాళ్లు కూడా అలాగే పట్టుకుంటారు. కానీ లెక్క అది కాదు. పద్దెనిమిదేళ్లుగా హైస్కూలు పిల్లలకు లివరు సూత్రం చెబుతున్న నాకు, ఆ అమ్మాయి బల్ల మీద పెన్సిలు పెట్టి పాఠం చెప్పింది. దాన్ని మీకు మన కావడితో చెబుతాను.

కావడిని భుజం మీద సరిగ్గా మధ్యలో పెట్టుకుంటే రెండువైపులా సమాన బరువు చాలు. భుజం ఒక కొసకు దగ్గరగా ఉందనుకోండి, ఆ పొట్టివైపు చాలా ఎక్కువ బరువు వేస్తేగానీ కావడి నిలవదు. భుజం మీద మాత్రం రెండు బరువులూ కలిసి పడతాయి. మనం కుడికాలి మీద నిలబడినప్పుడు కుడి తుంటి ఆ భుజం లాంటిది. పొడుగువైపు మన ఒంటి బరువు వేలాడుతుంది. పొట్టివైపు పిరుదు పక్కనుండే కండరం లాగి పట్టుకుంటుంది. పొట్టివైపు కాబట్టి అది ఒంటి బరువు కంటే ఎక్కువే లాగాలి. ఆ రెండూ కలిసి తుంటికీలు మీద పడతాయి. అందుకే మామూలు నడకలోనే తుంటి మీద మన బరువుకు సుమారు రెండున్నర రెట్లు భారం పడుతుంది. పరుగులో అయితే నాలుగైదు రెట్లు. ఎడమచేత్తో కర్ర ఆనిస్తే, కావడి పొడుగు కొసను కిందనుంచి ఒకరు ఎత్తి పట్టుకున్నట్టు. కాస్త ఎత్తినా చాలు, భుజం మీద భారం చాలా తగ్గుతుంది. కుడిచేత్తో పట్టుకుంటే ఆ లాభమంతా పోతుంది.

అమెరికాలో వాల్టర్ బ్లౌంట్ అనే ఎముకల సర్జన్ 1956లో ఈ విషయం మీదే ఒక వ్యాసం రాశాడు. దాని పేరు ‘చేతికర్ర పారేయకండి’. కర్ర పట్టుకోవడం ఓటమి అనుకుని జనం దాన్ని దాచేస్తున్నారని, కుంటుతూ నడిచేకంటే కర్రతో నిటారుగా నడవడమే మేలని ఆయన వాదన. 1956లో అమెరికాలో ఎంత నిజమో, విజయనగరం కల్యాణ మంటపంలోనూ అంతే నిజం. కుంటడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒకసారి ఒంటికి ఆ నడక అలవాటైతే, కీలు బాగైనా కుంటు పోదు. నిటారుగా నడవడం వచ్చేదాకా కర్రను వదలకూడదు. అది వచ్చాక కర్రే మనల్ని వదిలేస్తుంది.

‘మరి పరుగు ఎప్పుడు?’ అని ప్రతి వారం అడిగేదాన్ని. ఫిజియో అమ్మాయి తారీఖు చెప్పలేదు, పరీక్షలు చెప్పింది. అద్దం ముందు కుడికాలి మీద ఒంటికాలితో అరనిమిషం నిలబడాలి, ఎడమవైపు నడుము కిందికి వాలకూడదు. మెట్టు మీద నిలబడి రెండో కాలిని నెమ్మదిగా కింద ఆనించాలి, మోకాలు లోపలికి తిరగకూడదు. వెల్లకిలా పడుకుని ఒంటికాలి మీద నడుము ఎత్తి పట్టుకోవాలి. ముప్పావు గంట చురుగ్గా నడిచినా మర్నాడు పొద్దున నొప్పి ఉండకూడదు. మొదటి వారం ఒంటికాలి పరీక్షలో నాకు ఆరు సెకన్లు వచ్చాయి. 21 కిలోమీటర్లు పరుగెత్తిన మనిషికి ఆరు సెకన్లు! స్కూల్లో సున్నా వచ్చిన పిల్లల మొహాలు అప్పుడు గుర్తొచ్చాయి. వాళ్లతో ఇకమీదట కాస్త మెత్తగా మాట్లాడాలనుకున్నాను.

రాత్రుళ్లు నిద్ర పట్టనప్పుడు పెద్ద పెద్ద ఆటగాళ్ల సంగతులు చదివేదాన్ని. బ్రెజిల్ టెన్నిస్ ఆటగాడు గుస్తావో క్యూర్టెన్ ఫ్రెంచ్ ఓపెన్‌ను 1997, 2000, 2001లలో మూడుసార్లు గెలిచాడు. 2002లో ఇలాంటి తుంటి ఆపరేషనే చేయించుకున్నాడు. 2004 ఫ్రెంచ్ ఓపెన్‌లో టాప్ సీడ్ ఫెడరర్‌ను ఓడించాడు. అదే ఏడాది మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాడు, 2008లో ఆట మానేశాడు. ఆండీ ముర్రే 2018 జనవరిలో తుంటికి ఆపరేషన్ చేయించుకున్నా నొప్పి పోలేదు. 2019 జనవరిలో ఆ తుంటికి లోహపు తొడుగు వేయించుకున్నాడు. ఆ అక్టోబరులోనే బెల్జియంలో టైటిల్ గెలిచాడు. 2024 ఒలింపిక్స్ దాకా ఆడాడు. ప్రపంచంలోని మంచి డాక్టర్లందరూ అందుబాటులో ఉన్నవాళ్ల కథలే ఇలా ఉంటే, మనకెవరైనా పూచీకత్తు ఇస్తారా? మా డాక్టరు కూడా ఇవ్వలేదు. ‘మళ్లీ పరుగెత్తొచ్చు. మునుపటి పరుగే వస్తుందని మాత్రం చెప్పను’ అన్నాడు. ఆ మాట విన్న రోజు బాధపడ్డాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన నాకు చెప్పిన మాటల్లోకెల్లా అదే మంచి మాట అనిపిస్తుంది. మునుపటి పరుగు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, ఇప్పుడున్నది కూడా చేజారేది.

పద్దెనిమిదో వారంలో అన్ని పరీక్షలూ పాసయ్యాను. మర్నాడు తెల్లవారుజామున బీచ్ రోడ్డుకు వెళ్లాను. మా పరుగు గుంపు అప్పటికే వెళ్లిపోయింది. అదే మంచిదైంది. నాలుగు నిమిషాలు నడక, ఒక నిమిషం పరుగు. అలా ఆరుసార్లు. మొత్తం కలిపి ఆరు నిమిషాల పరుగు. మొదటి నిమిషంలో నా చెవులు, కళ్లు, ప్రాణం అన్నీ కుడి తుంటిలోనే ఉన్నాయి. రెండో నిమిషానికి సముద్రం చప్పుడు వినిపించింది. నాలుగో నిమిషంలో ఒక పెద్దాయన నడుచుకుంటూ నన్ను దాటుకుని వెళ్లిపోయాడు. ఆరో నిమిషం అయ్యాక వాచీ ఆపి, చేతులు మోకాళ్ల మీద ఆనించి కాసేపు అలాగే ఉండిపోయాను. చూసేవాళ్లు ఆయాసం అనుకుని ఉంటారు.

ఏడో నిమిషం పరుగెత్తాలని ఎంతగా అనిపించిందో చెప్పలేను. కాళ్లు బాగున్నాయి, గాలి బాగుంది, నొప్పి లేదు. విజయనగరంలో కారు తలుపు వేసినప్పుడు కూడా సరిగ్గా ఇలాగే ఉంది కదా అని గుర్తొచ్చింది. ఇంటికి వచ్చేశాను. నా పరుగు జీవితంలో అన్నిటికంటే కష్టమైన పని, ఆ ఏడో నిమిషాన్ని వదిలేసి రావడం.

ఇలాంటి దారిలో ఉన్నవాళ్ల కోసం నేను నేర్చుకున్నవి రెండు మూడు ముక్కలు. పరుగెత్తేటప్పుడు నొప్పి పదికి మూడు దాటకూడదు, మర్నాడు పొద్దుటికి అదీ ఉండకూడదు. ఉంటే, ముందు వారం లెక్కకు వెనక్కి వెళ్లిపోవాలి. అంగలు పొడుగ్గా వేయొద్దు. అదే వేగంలో అడుగుల సంఖ్య ఐదు నుంచి పది శాతం పెంచి పొట్టి అడుగులు వేస్తే, తుంటి మీదా మోకాళ్ల మీదా భారం తగ్గుతుందని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో చూపించారు. పరుగు లేని రోజుల్లో పిరుదు కండరాల వ్యాయామాలు మానొద్దు. అన్నిటికంటే ముఖ్యం, మీ సర్జన్ చెప్పిన వారాలే మీ వారాలు. నా నాలుగు వారాల చంకకర్రలు మీకు ఆరు కావచ్చు, ఎనిమిది కావచ్చు. లోపల ఏం చేశారన్న దాన్ని బట్టి ఉంటుంది. నా లెక్క చూసి మీ కర్ర పారేయకండి.

ఇప్పటికి పది నెలలైంది. వారానికి మూడు రోజులు, నడక కలపకుండా ఐదు కిలోమీటర్లు పరుగెత్తుతున్నాను. ఒక్కసారి ఎనిమిది దాకా వెళ్లాను. వాన పడిన పొద్దుటిపూట గజ్జలో చిన్నగా లాగుతుంది. అప్పుడు నడిచి వచ్చేస్తాను. మళ్లీ 21 కిలోమీటర్లు వస్తాయో రావో తెలియదు. నా గంట మాత్రం నాకు తిరిగి వచ్చింది. ఎవరూ ఇవ్వరనుకున్నాను, నిజమే, ఎవరూ ఇవ్వలేదు. ఆరు సెకన్లు, అరనిమిషం, ఒక నిమిషం చొప్పున కూడబెట్టుకోవాల్సి వచ్చింది.

చేతికర్ర ఏమైందంటారా? చాలా రోజులు తలుపు వెనకే ఉంది. మా అత్తయ్యకు కుడి మోకాలు అరిగి ఆరేళ్లయింది. కర్ర పట్టుకోమని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా, ‘నలుగురిలో కర్ర పట్టుకు తిరగమంటావేటి, నానేటి ముసల్దాన్నా’ అని కొట్టిపారేసేది. ఆవిడ వయసు డెబ్భై ఎనిమిది. పోయిన నెలలో ఒక రోజు నేను పరుగు నుంచి వచ్చేసరికి, గేటు దగ్గర పాలవాడితో మాట్లాడుతూ నిలబడి ఉంది. చేతిలో నా కర్ర. నన్ను చూసి కాస్త సిగ్గుపడి, ‘నువ్వు పట్టుకోగా లేంది, నాకేటమ్మా?’ అంది.

కర్రను ఎడమచేత్తోనే పట్టుకుంది.